తొలి 50 కిలోమీటర్లు

ఇంజిన్ లేని విమానంలో, గాలిని నమ్ముకుని, బయల్దేరిన మైదానం కనుమరుగయ్యేంత దూరం వెళ్ళాలి. అందుకోసం గ్లైడర్ పైలట్లు నెలల తరబడి సిద్ధమవుతారు. ఆ సన్నాహంలో సగానికి పైగా ఎవరిదో ముక్కూమొహం తెలియని రైతు పొలంలో క్షేమంగా దిగడం గురించే.

రేపు తొలిసారి దూరం వెళ్ళబోయే అమ్మాయి ఈ సాయంత్రం ట్రైలరు చక్రాలకు గాలి కొడుతోంది. అది అయ్యాక వెనక దీపాలు వెలుగుతున్నాయో లేదో చూస్తుంది. రెక్కలు ఊడదీయడానికి కావాల్సిన పనిముట్లన్నీ సంచిలో ఉన్నాయో లేదో లెక్కపెడుతుంది. కారుకు ట్రైలరు తగిలించి మైదానం చుట్టూ ఒకసారి తిప్పి తెస్తుంది. చివరగా కారు తాళాలు తీసుకెళ్ళి స్నేహితుడి చేతిలో పెడుతుంది. ఇది చాలా చిన్న పనిలా కనబడుతుంది. కానీ తాళాలు జేబులోనే వేసుకుని ఎగిరిపోయి, ఎక్కడో చేలో దిగి, తనకోసం రావాల్సిన కారు కదిలే దారిలేక చీకటిదాకా కూర్చున్నవాళ్ళ కథ గ్లైడింగ్ క్లబ్బుల్లో తరతరాలుగా చెప్పుకునేదే.

జర్మనీ నడిమధ్యన రోన్ కొండలున్నాయి. ఆ చుట్టుపక్కల క్లబ్బుల్లో ఏప్రిల్, మే నెలల్లో ఇలాంటి సాయంత్రాలు మామూలు. గ్లైడింగ్ పుట్టినిల్లు కూడా అదే. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన జర్మనీకి ఇంజిన్ విమానాలు తయారుచేసుకోకుండా వెర్సాయ్ ఒప్పందం అడ్డుకట్ట వేసింది. ఎగరాలన్న తపన ఉన్న కుర్రాళ్ళు అప్పుడు ఇంజిన్ లేకుండానే ఎగరడానికి 950 మీటర్ల ఎత్తున్న వాసర్‌కుప్పె కొండ మీదికి చేరారు. ఆస్కార్ ఉర్సినుస్ పిలుపు మీద 1920లో అక్కడ మొదటి పోటీ జరిగింది. రెండేళ్ళకే, 1922 ఆగస్టులో, హానోవర్ విద్యార్థుల ‘వాంపిర్’ గ్లైడర్ మీద ఆర్థర్ మార్టెన్స్ గంటకు పైగా గాలిలో నిలిచాడు. కొండవాలుకు తగిలి పైకి లేచే గాలి అతన్ని మోసింది. అయితే ఆ గాలి కొండను వదిలి రాదు. కొండను విడిచి వెళితే మోసేదేమిటో అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలియదు.

గరాటు గోడ దాటడం

గ్లైడింగ్ నేర్చుకుంటున్న ప్రతివారి చుట్టూ కంటికి కనబడని ఒక గరాటు ఉంటుంది. దాని కాడ మైదానం మీద ఆనుతుంది, నోరు ఆకాశం వైపు తెరుచుకుంటుంది. ఆ గరాటు లోపల ఎక్కడున్నా సరే, ఇంకే ఆసరా దొరక్కపోయినా జారుకుంటూ ఇంటికి చేరుకోవచ్చు. శిక్షణ కాలమంతా గురువులు ఆ గరాటు దాటనివ్వరు. తొలి దూరప్రయాణం అంటే ఆ గోడను తెలిసి తెలిసి దాటడం.

ఈ గోడ ఎక్కడుందో లెక్క కట్టడం సన్నాహంలో మొదటి పాఠం. క్లబ్బుల్లో ఎక్కువగా కనబడే రెండు సీట్ల ఏఎస్‌కే 21 గ్లైడర్ నిశ్చలమైన గాలిలో ఒక మీటరు కిందికి జారే లోపు 34 మీటర్లు ముందుకు పోతుంది. అంటే వెయ్యి మీటర్ల ఎత్తు నుంచి 34 కిలోమీటర్లు. వినడానికి బాగుంది గానీ గాలి ఏనాడూ నిశ్చలంగా ఉండదు. ఎదురుగాలి తగులుతుంది. పైకి లేచే గాలి పక్కనే కిందికి తొక్కే గాలి కూడా ఉంటుంది. అందుకే కొత్తవాళ్ళను ఆ అంకెలో సగమే నమ్మమంటారు. ఆ వెయ్యి మీటర్లలోంచి దిగడానికి 300 మీటర్ల ఎత్తు పక్కన పెట్టమంటారు. మిగిలిన 700 మీటర్లను 17తో గుణిస్తే 12 కిలోమీటర్లు తేలుతుంది. కాగితం మీద 34, చేతిలో 12. పైలట్ తన పటం మీద మైదానం చుట్టూ ఇలా వలయాలు గీసుకుంటుంది, ఏ వలయం దగ్గర ఎంత ఎత్తు ఉండాలో పక్కన రాసుకుంటుంది.

మొదటి మజిలీగా 50 కిలోమీటర్లే ఎందుకు? అంతర్జాతీయ వైమానిక క్రీడా సమాఖ్య ఇచ్చే సిల్వర్ బ్యాడ్జికి మూడు పరీక్షలున్నాయి. అయిదు గంటలు ఆగకుండా ఎగరాలి, ఎగిరాక వెయ్యి మీటర్ల ఎత్తు సంపాదించాలి, 50 కిలోమీటర్ల దూరం ఒంటరిగా వెళ్ళాలి. ఈ మూడోదానికి ఓ మెలిక ఉంది. పైకి లాగిన తాడును వదిలిన ఎత్తుకూ చేరిన చోటి ఎత్తుకూ తేడా, ప్రయాణించిన దూరంలో ఒక శాతానికి మించకూడదు. 50 కిలోమీటర్లకు 500 మీటర్లన్నమాట. ఇంజిన్ విమానం చేత బాగా పైకి లాగించుకుని జారుకుంటూ పోయి ‘దూరం వెళ్ళాను’ అంటే చెల్లదు. దారిలో ఎత్తును గాలి దగ్గరే సంపాదించుకోవాలి. ఎంతో న్యాయమైన నిబంధన ఇది. నీలం మీద మూడు తెల్లని సముద్రపు కాకులు, చుట్టూ వెండి ఆకుల దండ ఉండే ఆ చిన్న బిళ్ళను ముసలితనంలోనూ కోటుకు పెట్టుకుని తిరిగేవాళ్ళున్నారంటే కారణం అదే.

అసలు ఇంత దూరం వెళ్ళిన మొదటి మనిషి ఏ సన్నాహమూ లేకుండానే వెళ్ళాడు. 1926 ఆగస్టులో వాసర్‌కుప్పె మీద ఎగురుతున్న మాక్స్ కేగెల్‌ను ఉరుముల మేఘం లోపలికి లాగేసుకుంది. ఏ దిక్కున పోతున్నాడో తెలియలేదు. చివరికి 55 కిలోమీటర్ల అవతల నేల మీద దిగాడు. బతికాడు. ఆ రోజు నుంచి అతనికి ‘ఉరుముల మాక్స్’ అన్న పేరు స్థిరపడిపోయింది. కొండను విడిచాక కూడా మోయగల గాలి ఉందని ఆ ప్రమాదం చాటిచెప్పింది. ఆ గాలిని వెతికి పట్టుకోవడం తర్వాతి మూడేళ్ళలో ఓ విద్యగా ఎదిగింది. పైకి పోతున్నామో కిందికి పోతున్నామో చెప్పే వేరియోమీటరు కాక్‌పిట్‌లోకి వచ్చింది. 1929లో రాబర్ట్ క్రోన్‌ఫెల్డ్ వంద కిలోమీటర్ల గీత దాటాడు.

గద్దకు తెలిసిన లెక్క

ఎండ పడగానే నేలంతా ఒక్కలా వేడెక్కదు. ఎండిన దుక్కి త్వరగా కాగుతుంది. తడి పచ్చిక, చెరువు, వరిమడి చల్లగానే ఉంటాయి, వాటికి తగిలిన వేడి నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. కాగిన చోట గాలి బుడగలా ఉబ్బి, నేలను వదిలి పైకి లేస్తుంది. గ్లైడర్ పైలట్లు దీన్ని థర్మల్ అంటారు. మన ఊళ్ళలో వేసవి మధ్యాహ్నం గద్దలు రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతూ చుక్కల్లా పైకి పోతుంటాయి చూశారా, అవి ఎక్కి తిరిగేది ఆ గాలినే. చిన్నప్పుడు మంచం మీద వెల్లకిలా పడుకుని వాటిని చూసిన ప్రతివాళ్ళూ ఈ విద్యలో మొదటి పాఠం చదివినట్టే. జర్మనీలో ఆ పాఠం చెప్పేది చీలిన తోకతో తిరిగే ఎర్రగద్ద. అది తిరుగుతున్న చోటికి పైలట్లు మారుమాట లేకుండా వెళ్ళిపోతారు.

అయితే గద్దకు రేపటి వాతావరణంతో పనిలేదు. పైలట్‌కు ఉంది. శీతల వాయుముఖం దాటిపోయి, వాన వెలిసి, గాలి కడిగినట్టు తేటపడిన మర్నాడు యూరప్‌లో దూరప్రయాణాలకు మంచిరోజు. పొద్దున్నే చూసే అంకెలు రెండు, మధ్యాహ్నానికి వచ్చే ఉష్ణోగ్రత, గాలిలోని తేమ మంచుబిందువులుగా మారే ఉష్ణోగ్రత, అంటే తుషార బిందువు. ఈ రెంటి తేడాలో ప్రతి డిగ్రీకీ 125 మీటర్ల చొప్పున కడితే మేఘాల అడుగు ఎంత ఎత్తులో ఉంటుందో తెలుస్తుంది. 26 డిగ్రీల ఎండ, 14 డిగ్రీల తుషార బిందువు అయితే 12 డిగ్రీల తేడా, 1500 మీటర్ల ఎత్తు. తొలి ప్రయాణానికి ఈ మాత్రం చాలు. అంతకన్నా బాగా తక్కువుంటే బ్యాగు సర్దుకుని ఇంటికి వెళ్ళమనే గురువే మంచి గురువు.

మేఘాల అడుగు 1500 మీటర్ల ఎత్తులో ఉన్న రోజున ప్రయాణం ఇలా సాగుతుంది. మేఘం కిందికి చేరి 1400 దాకా ఎక్కడం, 800 దాకా జారుతూ మరో మేఘం కిందికి పోవడం. సెకనుకు ఒకటిన్నర మీటర్ల చొప్పున ఎక్కితే 600 మీటర్లకు ఏడు నిమిషాలు పడుతుంది. ఇలా నాలుగైదుసార్లు ఎక్కితే 50 కిలోమీటర్లు పూర్తవుతాయి. మొత్తం గంట, గంటంబావు. విమానం నడిపేవాళ్ళకు అదేమంత పొద్దు కాదు. కానీ ఒక్కో మేఘం ఆయుష్షు పావుగంట, ఇరవై నిమిషాలు మాత్రమే. ఇక్కడి నుంచి నిండుగా కనబడుతున్నది అక్కడికి చేరేలోపే చెదిరిపోవచ్చు. అందుకే నేల మీద కూర్చున్న రోజుల్లో కూడా ఒక్క మేఘాన్ని ఎంచుకుని, పుట్టుక నుంచి కరిగిపోయేదాకా గడియారం పట్టుకుని చూడమంటారు. అడుగు గీత గీసినట్టు నల్లగా, అంచులు పదునుగా ఉంటే అది ఎదుగుతున్న మేఘం. అంచులు పీచుపీచుగా విడిపోతుంటే దాని పని అయిపోయినట్టు. ఖర్చులేని సాధన ఇది. నా దృష్టిలో ఈ విద్యలోకెల్లా అందమైన భాగం కూడా ఇదే.

పొలం చూపు

ఇక అసలు విషయానికి వద్దాం. దారిలో గాలి దొరక్కపోతే పొలంలో దిగాలి. కొత్తవాళ్ళు దీన్ని అపజయం అనుకుంటారు, చుట్టాలు ప్రమాదం అనుకుంటారు. పైలట్ల లెక్కలో ఇది ప్రయాణంలో మామూలుగా జరిగేది, ముందుగా నేర్చుకుని ఉండాల్సింది. జర్మన్ చట్టం కూడా గ్లైడర్ ఇలా ఎక్కడైనా దిగవచ్చునని ఒప్పుకుంటుంది. పంటకు నష్టం జరిగితే రైతుకు పరిహారం అందాలి, అందుకు బీమా తప్పనిసరి.

ఈ పాఠం నేల మీదే మొదలవుతుంది. సెలవురోజున సైకిలేసుకుని పొలాల వెంట తిరగమంటారు. గట్టు మీద నిలబడి ఈ చేను పొడవెంత, పైనుంచి ఇది ఏ రంగులో కనబడుతుంది, ఈ పైరు మోకాలి కన్నా ఎత్తుందా అని చూసుకోవాలి. ఇంజిన్ ఉన్న మోటార్ గ్లైడర్‌లో గురువుతో కలిసి వెళ్ళడం తర్వాతి మెట్టు. ఆయన ఉన్నట్టుండి ఇంజిన్ తగ్గించి, ‘ఎక్కడ దిగుతావ్?’ అని అడుగుతారు. విద్యార్థి పొలం ఎంచుకుని, చుట్టు తిరిగి, దాదాపు దిగేంత కిందికి వస్తుంది. అప్పుడు ఇంజిన్ పెంచి పైకి లేస్తారు. ఆ లేచేటప్పుడు చాలామందికి, పైనుంచి కనబడని కరెంటు తీగ ఒకటి పక్కనుంచి పోతూ కనబడుతుంది. ఆ తర్వాత జన్మలో తీగ కోసం వెతకరు, స్తంభాల కోసం వెతుకుతారు. స్తంభాలుంటే తీగ ఉన్నట్టే. ఒంటరిగా ఓ ఇల్లు ఉంటే దానికీ ఎక్కడినుంచో తీగ వచ్చి ఉంటుంది.

పంటల క్యాలెండరు పైలట్‌కు కంఠతా రావాలి. ఏప్రిల్‌లో గోధుమ చీలమండ ఎత్తే ఉంటుంది, దిగవచ్చు. జూన్‌లో అదే గోధుమ రెక్కను పట్టి గ్లైడర్‌ను గిర్రున తిప్పేస్తుంది. పసుపు దుప్పటి పరిచినట్టుండే ఆవచేను ఎంత ముచ్చటగా ఉన్నా దాని జోలికి పోకూడదు, ఆ కాడలు గట్టివి, పొడుగువి. జూలై వచ్చాక ముందుగా బార్లీ కోస్తారు, తర్వాత గోధుమ. కోత కోసిన మోళ్ళ చేను గ్లైడర్‌కు పట్టుపరుపు. అప్పటికి మొక్కజొన్న మనిషిని మించి పెరుగుతుంది, అటు చూడనే కూడదు. పచ్చిక బయలు బాగుంటుంది గానీ పశువులుంటే వద్దు. గుర్రాలు బెదిరి కంచెలు దూకుతాయి. ఆవులది ఇంకో రకం, నింపాదిగా వచ్చి గ్లైడర్‌ను నాకుతాయి, రుద్దుకుంటాయి. కొయ్య, గుడ్డ గ్లైడర్ల కాలంలో తోక గుడ్డను నమిలేసేవట.

వాలు సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. ఎత్తు నుంచి చూస్తే నేలంతా చదునుగానే ఉంటుంది. కాబట్టి పైనుంచి కూడా వాలు కనబడుతోందంటే అది దిగదగ్గ పొలం కాదు. కొద్దిపాటి వాలు తప్పదనుకున్నప్పుడు గాలి ఎటున్నా ఎగువకే దిగాలి. గాలి ఎటు వీస్తోందో పొగ చెబుతుంది, నేల మీద జరిగే మేఘాల నీడలు చెబుతాయి, జర్మనీలో ఊరూరా ఉన్న గాలిమరలు చెబుతాయి.

వీటన్నిటికీ మించి అలవాటు కావాల్సింది మూడు ఎత్తులు. 600 మీటర్లకు వచ్చేసరికి పొలాలు బాగున్న ప్రాంతం మీద ఉండాలి. 450కి ఫలానా పొలం అని ఖాయం చేసుకోవాలి. 300కి దిగే చుట్టు మొదలుపెట్టాలి, ఆ తర్వాత గాలి దొరికినా ఆశపడకూడదు. ఈ మూడో అంకె దగ్గరే ప్రాణాలు పోతాయి. 250 మీటర్ల ఎత్తులో వేరియోమీటరు ఒక్కసారి చిన్నగా కూస్తుంది. ఒక్క చుట్టు తిరిగి చూద్దామనిపిస్తుంది. ఇంకొక్క చుట్టు అనిపిస్తుంది. నేల మీదికొస్తుంది, పొలం చెయ్యి జారిపోతుంది. పొలం మీద దిగుతూ జరిగే ప్రమాదాల్లో పొలం చెడ్డదై జరిగినవాటి కన్నా నిర్ణయం ఆలస్యమై జరిగినవే బాధిస్తాయి, ఎందుకంటే అవి తప్పించదగ్గవి. 300 దగ్గర ‘చాలు, దిగుతున్నాను’ అనగలిగిన అమ్మాయే నా లెక్కలో ధైర్యవంతురాలు.

బయల్దేరే ముందు

మిగతావి చకచకా చెప్పుకోవచ్చు. బ్యాటరీ రాత్రే ఛార్జి చేయాలి. ప్రయాణాన్ని నమోదుచేసే లాగర్ పనిచేస్తోందో చూడాలి, అది లేకపోతే 50 కిలోమీటర్లు వెళ్ళినట్టు సాక్ష్యం ఉండదు. పటం మీద గీత గీసి, ఆ గీత పక్కన విమానాశ్రయాల నియంత్రిత గగనతలం ఎక్కడుందో రంగు వేయాలి. పారాచ్యూట్ కట్టుకోవాలి. సన్నగా ఉన్నవాళ్ళు సీటు కనీస బరువుకు తగ్గితే సీసపు దిమ్మెలు పెట్టుకోవాలి. గాజు కప్పు కింద ఎండ మండిపోతుంది, టోపీ, రెండు లీటర్ల నీళ్ళు ఉండాలి. నీళ్ళు తాగితే ఒంటికి వెళ్ళాల్సి వస్తుందని తాగకుండా వెళ్ళేవాళ్ళుంటారు. అది పెద్ద తప్పు. ఒళ్ళు ఎండితే బుద్ధి మందగిస్తుంది, పొలం ఎంచుకోవాల్సింది ఆ బుద్ధే. గాలిలోనే ఒంటికి వెళ్ళడానికి సంచులు దొరుకుతాయి, మొహమాటం లేకుండా తీసుకెళ్ళాలి.

దిగాక చేయాల్సింది కూడా ముందే అనుకుని ఉంచుకోవాలి. ముందు స్నేహితుడికి ఫోను, ఆ వెంటనే రైతు ఇంటికి నడక. వెళ్ళి నమస్కారం పెట్టి, అడగకుండా మీ చేలో దిగినందుకు మన్నించమని చెప్పాలి. పేరు, బీమా వివరాలు ఇవ్వాలి. ట్రైలరు ఎటునుంచి తెస్తే పంట నలగదో ఆయన్నే అడగాలి. ఈ మర్యాద పాటించిన చోట తర్వాత దిగేవారికి కాఫీ కూడా దొరుకుతుంది. పాటించని చోట ఆ ఊరు గ్లైడర్లన్నిటికీ శత్రువవుతుంది.

మన నక్షత్రాలు

ఈ విద్య మనకు పరాయిదేం కాదు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాల్లో మన పౌర విమానయాన శాఖ సొంతంగా గ్లైడర్లు తయారుచేసింది. వాటికి పెట్టిన పేర్లు అశ్విని, భరణి, కార్తీక్, రోహిణి, మృగశిర. అన్నీ పంచాంగంలోని నక్షత్రాల నుంచి వచ్చినవే. ఎస్. రామామృతం లాంటి మన ఇంజినీర్లు వాటికి రూపమిచ్చారు. పుణె దగ్గర హడప్సర్‌లో ప్రభుత్వ గ్లైడింగ్ సెంటరు వెలిసింది. కాన్పూర్ ఐఐటీలో సొంత రన్‌వే మీద గ్లైడర్లు ఎగిరాయి. ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్ కేడెట్లు కూడా గ్లైడర్ల మీదే మొదట గాలిని తాకారు, తర్వాత వాటి స్థానంలో మైక్రోలైట్లు వచ్చాయి. ఈ వ్యాసం చదువుతున్నవాళ్ళలో ఆ తరం కేడెట్లు తప్పక ఉంటారు.

తెలుగునేల మీద ఎండకు కొదవ లేదు, థర్మల్‌కూ కొదవ లేదు. దిగే చోటే కష్టం. గోదావరి డెల్టాలో అడుగడుక్కీ గట్లు, మడి నిండా నీళ్ళు, గట్టు మీద కొబ్బరిచెట్లు. తొలిసారి దిగేవాళ్ళకు కనీసం 300 మీటర్ల అడ్డులేని నేల ఉంటే ఊపిరాడుతుంది, అంత పొడవున్న చేను మన చిన్న కమతాల్లో ఎన్ని మైళ్ళకు ఒకటి? ఇంజిన్ ఉన్న మోటార్ గ్లైడర్లతో, పాత ఎయిర్‌స్ట్రిప్‌లను ఆసరాగా చేసుకుని ఇక్కడా ఈ విద్య నిలబెట్టవచ్చునని నా నమ్మకం. హడప్సర్‌కు ఖర్చుపెట్టిన దేశం ఇంకో నాలుగు చోట్ల పెట్టలేకపోవడం నన్ను బాధిస్తుంది.

అందాకా తలుపు తెరిచి ఉన్నది జర్మనీలో. అక్కడ 14 ఏళ్ళకే ఒంటరిగా గ్లైడర్ నడపనిస్తారు, 16 ఏళ్ళకు లైసెన్సు ఇస్తారు. ఆ లైసెన్సుకు కావాల్సినవాటిలో 50 కిలోమీటర్ల ఒంటరి ప్రయాణమో, గురువుతో కలిసి 100 కిలోమీటర్ల ప్రయాణమో ఒకటి. డార్మ్‌స్టాట్, హానోవర్, ష్టుట్‌గార్ట్, బ్రౌన్‌ష్వైగ్ విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులే గ్లైడర్లు తయారుచేసి ఎగరేసే సంఘాలున్నాయి. 1957లో ఎగిరిన ప్రపంచపు తొలి ఫైబర్‌గ్లాస్ గ్లైడర్ ష్టుట్‌గార్ట్ సంఘంలో పుట్టినదే. క్లబ్బుల్లో గురువులు సాధారణంగా జీతం తీసుకోరు. చలికాలంలో రెక్కలకు నునుపు పట్టడం, ఎండాకాలంలో తాడు లాగడం, తోటివాళ్ళ కోసం ట్రైలరు తోలుకెళ్ళడం, ఇలా తలా ఒక చెయ్యి వేస్తే అందరూ ఎగురుతారు.

ఆ ఊళ్ళలో ఇప్పుడు వేలల్లో మన పిల్లలు చదువుకుంటున్నారు. మీవాళ్ళు అక్కడ ఉంటే ఈ వారం ఫోనులో ఒక్క మాట చెప్పండి. ఆకాశం తేటగా ఉన్న ఆదివారం పొద్దున దగ్గర్లోని గ్లైడింగ్ క్లబ్బుకు వెళ్ళి, రెక్క చివర పట్టుకోవడానికి మనిషి కావాలా అని అడగమనండి. ఏ క్లబ్బులోనైనా ఎప్పుడూ ఒక మనిషి తక్కువే ఉంటారు.